ఎనిమిది మీటర్ల అనుమానం

తెలంగాణ వచ్చిన ఆ తొలి రోజుల్లో మా ఇంట్లో టీవీ నెలకోసారి చెడిపోయేది గానీ, కాలక్షేపానికి మాత్రం ఎన్నడూ లోటు రాలేదు. మాకు అనుమానాలుండేవి. ఆ విద్యలో మా దాదీది, అంటే మా నాయనమ్మది, పెద్ద చెయ్యి. పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే ఆవిడ పాలను కాదు, పాలవాడి మొహం చూసేది. గ్యాస్ బండ వస్తే దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు కాబట్టి, చెవినే బండ దగ్గరికి తీసుకుపోయేది. మా హుజూర్‌నగర్‌ను నల్లగొండ జిల్లాలోంచి తీసి సూర్యాపేట జిల్లాలో కలిపిన ఏడు, "మనల్ని అడగకుండ ఎట్ల మారుస్తరు? దీంట్ల ఏదో ఉంది" అని రేషన్ కార్డు తీసి రెండువైపులా తిప్పి చూసుకుంది. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. "అచ్చం దాదీ పోలికే" అని చుట్టాలు నన్ను చూసి అంటుంటే, ముక్కు గురించి అంటున్నారనుకుని మురిసిపోయేదాన్ని.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూను పెళ్లిళ్లకూ, కోపానికీ, మాఫీకీ దాచుకునేవాళ్లం. మాఫీకి ఎందుకంటే, మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. హజ్‌కో ఉమ్రాకో యాత్ర బయలుదేరే మనిషి, పోయే ముందు తెలిసిన ప్రతి గడపా ఎక్కి "కహా సునా మాఫ్ కరో" అని అడగాలి. మీ గురించి నేను ఏమన్నా అని ఉంటే, విని ఉంటే క్షమించండి అని. దేవుడికి చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు గానీ, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలి, లేకపోతే అక్కడి దాకా పోయినా లాభం లేదు. అడిగినవాళ్లకు ఇవతలివాళ్లు "మాఫ్, మాఫ్, మాక్కూడా దువా చెయ్యి" అనాలి (దువా అంటే ప్రార్థన). ఏం తప్పు చేశావని ఎదురు అడగకూడదు. అది పద్ధతి. ఆ పద్ధతిని హుజూర్‌నగర్ చరిత్రలో మొదటిసారి చెడగొట్టిన ఇల్లు మాదే.

ఆ ఏడు ఉమ్రాకు పోతున్నది దర్జీ మామ. మాకు చుట్టం కాదు, వెనక సందులో పాత కుట్టుమిషను, దాని ముందు ఒక స్టూలు, ఆ స్టూలు మీద ఒక మెత్త, అంతే ఆయన దుకాణం. అరవై దాటిన మనిషి. మాటకు ముందు నవ్వేవాడు, నవ్వేటప్పుడు పళ్ల మధ్య గుండుసూది కనపడేది. రంజాను పండక్కి మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టేది ఆయనే. ఇంటిల్లిపాదికీ అంటే నిజంగానే ఇంటిల్లిపాదికీ, ఒకే తానులోంచి. మా అబ్బా, అంటే మా నాన్న, రైసుమిల్లులో గుమస్తా. ప్రతి రంజానుకూ ఒకే రంగు బట్ట ఎనిమిది మీటర్లు తెచ్చేవాడు, దాంట్లోనే ఆయన చొక్కా, అన్న చొక్కా, నా కమీజు, అమ్మీ జాకెట్టు రావాలి (తెల్లచీర తప్ప కట్టని దాదీ ఆ లెక్కలో లేదు). పండగనాడు మేం నలుగురం వీధిలో నడుస్తుంటే పెళ్లి బ్యాండువాళ్లం వస్తున్నట్టుండేది. నేనూ అన్నా ఏటేటా పొడుగవుతున్నా ఆ ఎనిమిది మీటర్లు మాత్రం ఎనిమిదే. అబ్బా లెక్కలో మేం ఎప్పుడూ నిరుటి ఎత్తే ఉండేవాళ్లం. "తెలివిగా కుడితే సరిపోతది" అనేవాడు. దర్జీ మామ బట్టలు ఇస్తూ "సరిగ్గ సరిపోయింది తమ్మీ" అనేవాడు. అబ్బా మా వైపు గెలిచినవాడిలా చూసేవాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక దర్జీ మామ మా ఇంటికొచ్చాడు. విమానం ఎక్కడానికి బుధవారం పొద్దున బస్సులో ప్రయాణం. తెల్ల టోపీ, ఇస్త్రీ చేసిన కుర్తా. దాదీ ముందు తల వంచి "ఖాలా, కహా సునా మాఫ్ కరో" అన్నాడు. దాదీ మాఫ్ అంది. అమ్మీ తలుపు చాటు నుంచి అంది. అక్కడికి అయిపోవాలి. కానీ ఆయన లేవలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, అబ్బాతో నెమ్మదిగా, "మీ బట్టల విషయంల నా తాన తప్పయింది తమ్మీ. చానా ఏండ్ల సంది. దిల్ మీద పెట్టుకోకు, మాఫ్ చెయ్యి" అన్నాడు. అంటూ టోపీ సర్దుకునే వంకతో కళ్లు తుడుచుకున్నాడు. అబ్బా లేచి ఆయన్ని కావలించుకుని, "అరె అన్నా, ఏం మాటలు ఇవి! మాఫ్, మాఫ్" అని వీధి చివరి దాకా సాగనంపి వచ్చాడు.

అబ్బా వచ్చేసరికి మేం సిద్ధంగా ఉన్నాం. "బట్టల విషయంల ఏం తప్పు?" అంది దాదీ. "నేనడగలే. అడగొద్దు" అన్నాడు అబ్బా. "చానా ఏండ్ల సంది అన్నడు." "అననీ అమ్మా. మాఫ్ అన్న, అయిపాయె." అబ్బా మిల్లుకు వెళ్లిపోయాడు. దాదీ నా వైపు చూసింది, నేను దాదీ వైపు చూశాను. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే మాట. దర్జీ చేసే తప్పు ఏముంటుంది? మిగిలిన బట్ట కొట్టేయడం! అమ్మీ ఏదో చెప్పబోయి, మమ్మల్నిద్దర్నీ చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. (అప్పుడే ఆమెను ఆపి అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అమ్మీకి ఏమైనా తెలిసి ఉంటుందన్న అనుమానం ఒక్కటే మాకు రాలేదు.)

శనివారం మధ్యాహ్నం ఒక హుక్కు కావాలన్న వంకతో దర్జీ మామ దుకాణానికి పోయాను. ఆయన హుక్కు కోసం డబ్బా వెతుకుతుంటే నేను ఆధారాల కోసం దుకాణం వెతికాను. దొరికింది. స్టూలు మీది మెత్త. దాని గలేబు గుడ్డలో ఆకుపచ్చ మీద తెల్ల గీతలు, మా నిరుటి పండగ బట్ట! ఊరందరిలో మేం నలుగురమే వేసుకు తిరిగిన బట్ట. నా గుండె ఎంత సంతోషంగా కొట్టుకుందో చెప్పలేను. ఒక మంచి మనిషి దొంగ అని తేలితే ఇరవై ఏళ్ల పిల్లకు అంత సంతోషం ఎందుకో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆయన హుక్కు ఇచ్చి, "పైసలొద్దు పో బిడ్డా, నీకోసం అక్కడ దువా చేస్త, మంచి నౌకరి రావాలని" అన్నాడు. చూడు ఎంత మెత్తగా మాట్లాడుతున్నాడో, అనుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా ఆపా ఇంటికి పోయాను. ఆపా అంటే మా వీధి ఆడవాళ్లకు శనివారం శనివారం దీన్ సంగతులు, అంటే మతం సంగతులు, చెప్పే అక్క. ఆ రోజు పాఠం, నా ఖర్మ కాకపోతే, అనుమానాల మీదా, చాటున చెడ్డ చెప్పుకునే గీబత్ మీదా. "అనుమానాలకు దూరముండుండ్రి, కొన్ని అనుమానాలు పాపంల లెక్క. ఒకరి గుట్టు వెతకొద్దు. మనిషి లేనప్పుడు అతని గురించి చెడ్డగ మాట్లాడుడు సచ్చిపోయిన అన్న మాంసం తిన్నట్టు" అని ఆపా చెబుతుంటే మేమంతా మొహాలు వికారంగా పెట్టాం. ఎవరో అడిగారు, "నిజం చెప్తే గూడ తప్పేనా ఆపా?" అని. "నిజమైతేనే అది గీబత్. అబద్ధమైతే బోహ్తాన్, నింద. అది ఇంకా పెద్దది" అంది ఆపా. నేను నోట్‌బుక్కులో రెండూ రాసుకుని కింద గీత కూడా గీశాను.

పాఠం అయ్యాక ఆపా అసర్ నమాజుకు లోపలికి పోయింది. మాకు చాయ్, ఉల్లిగడ్డ సమోసా వచ్చాయి. ఏడుగురు ఆడవాళ్లు, నేను. నేను గీబత్ చెయ్యదలుచుకోలేదు. అల్లా మీద ఒట్టు, పొగుడుదామనే మొదలుపెట్టాను. "ఆపా చెప్పింది నిజం. తప్పు చేసినా మన దర్జీ మామ లెక్క ఒప్పుకోవాలె. ఎంత పెద్ద మనసు చూడుండ్రి, ఇన్నేండ్లు బట్ట కొట్టేసినా, పోయేముందు ఇంటికొచ్చి ఏడ్సి మాఫ్ అడిగిండు" అన్నాను. సమోసాలు ఆగిపోయాయి. మా వీధిలో సీసీ కెమెరా ఫుప్పూ అని ఒకావిడ ఉండేది (ఎవరికీ మేనత్త కాదు, ఆమె కిటికీకి తెలియకుండా ఎవరూ వీధి దాటలేరని ఆ పేరు). ఆమె గ్లాసు పక్కన పెట్టి, "ఎంత బట్ట?" అంది. "ఎంతని చెప్పలే ఫుప్పూ. చానా ఏండ్ల సంది అన్నడు." "మా తాన గూడ మొన్న మాఫ్ అడిగిండు. నేను ఉత్తగనే అనుకున్న" అంది ఫుప్పూ. ఏడుగురూ ఎటో చూస్తూ తమ తమ జాకెట్లను జ్ఞాపకం చేసుకోవడం నాకు కనపడింది.

మెత్త సంగతి ఇంట్లో చెప్పేశాను. సోమవారం అబ్బా మిల్లుకు పోగానే దాదీ సందూకపెట్టె తెరిచి నిరుటి పండగ బట్టలన్నీ చాప మీద కుప్ప పోసింది. "ఎంత బట్ట పోయిందో తెలిస్తెనే గదా, ఎంత మాఫ్ చెయ్యాల్నో తెలిసేది" అంది. నేను బట్టలు తిరగేసి టేపుతో ఒక్కో భాగం కొలుస్తూ సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేశాను. కూడితే ఎనిమిదిం ముప్పావు మీటర్లు వచ్చింది. మళ్లీ కూడాను. ఎనిమిదిం ముప్పావే. అబ్బా కొన్నది ఎనిమిది. కొట్టేశాడనుకున్న బట్ట ముప్పావు మీటరు ఎక్కువ వచ్చింది. "టేపుల ఏదో ఉంది" అంది దాదీ. "ఎక్కడిది ఆ టేపు?" "దర్జీ మామ పాతది ఇచ్చిండు గదా." "గదీ! నాకు తెల్సు!" అని టేపును వాకిట్లోకి విసిరేసి, తన మోచేతితో మూరలేసి కొలిచింది. ఎనభై ఏళ్ల చెయ్యి కూడా అదే మాట చెప్పింది.

అప్పుడు దాదీ బ్లేడు తీసింది. అబ్బా చొక్కా చంకల దగ్గర కుట్లు విప్పింది. విప్పితే, చంక కింద అరచేతంత ముక్క విడిగా అతికి ఉంది, గీతకు గీత కలిపి, బయటికి కనపడకుండా. అన్న చొక్కాకు కాలరు లోపల. నా కమీజుకు అంచు పొడుగునా. ఎక్కడెక్కడ మేం పెరిగామో అక్కడక్కడల్లా అతుకు. నాకేమీ అర్థం కాలేదు. దాదీకి మాత్రం అనుమానం ఇంకా ముదిరింది. "మనకు తెల్వకుండ మన బట్టల్ల ఎక్కువ బట్ట ఎందుకు పెట్టిండు? మనతోని ఆయనకేం పని?" అంది.

"ఉతికేది నేను గదా. ఆ అతుకులు నాకు ఎప్పటినుంచో తెల్సు," అంది అమ్మీ, వాకిట్లోంచి టేపు ఏరుకొస్తూ. "పండుగ పండుగకు ఆయనే బట్టల దుకాణానికి పోయి అదే తానులకెల్లి బట్ట కొనుక్కొచ్చి అతుకేస్తడు, ఒకపారి నేనే చూసిన. కొంచెం మిగిలితే మెత్తకు ఏసుకున్నడేమో." "మరి ఎందుకు చెప్పలే?" అన్నాను. "చెప్తే మీ అబ్బా ఆ చొక్కా తొడుగుతడా? ఆయన మాఫ్ అడిగింది ఆ అబద్ధానికే. సరిగ్గ సరిపోయిందని ఏటేటా చెప్పిండు గదా."

ఆ మాట పూర్తికాకముందే సీసీ కెమెరా ఫుప్పూ లోపలికొచ్చింది, మొహం వెలిగిపోతూ. "ఇన్నరా? నాలుగిండ్లల్ల దర్జీకి మాఫ్ ఇయ్యలే! ముందు ఏం తీసుకున్నవో చెప్పు, తర్వాత మాఫ్ అన్నరు. నేను గూడ మాటను ఎనుకకు తీసుకున్న. పాపం, షట్టర్ సగం దించి కూసున్నడు. ఇంతమంది మాఫ్ లేకుండ ఎట్ల పోవాలె, పోను అంటున్నడంట." నోట్‌బుక్కులో గీత గీసుకున్న పెద్ద మాట, బోహ్తాన్, కళ్ల ముందు కనపడింది. రెండు పాపాల్లో చిన్నదాన్నే చేశానన్న ధైర్యం కూడా ఇప్పుడు లేదు.

దుకాణానికి పరుగెత్తాను. మిషను మీద పాస్‌పోర్టు పెట్టిన సంచి ఉంది. ఆయన నేల మీద కూర్చున్నాడు. "మామా, ఆ మాట పుట్టిచ్చింది నేనే" అన్నాను, ఇంకేం చెప్పాలో తెలియక. నవ్వనప్పుడు ఆ మనిషి ఎంత ముసలివాడో అప్పుడే చూశాను. "ఏటా నీ ఎత్తు కొలిసిన బిడ్డా. ఒక్క మాట నన్నే అడగకపోయినవా?" అన్నాడు. నేను ఏడ్చాను. "సరే, నేను మాఫ్ చేసిన. ఏడవకు. కాని వాళ్ల తానికి పోయి నేనేం చెప్పాలె? మీ అబ్బా తెచ్చిన బట్ట తక్కువయ్యేదని చెప్పాల్నా? గది చెప్పేటోణ్ణైతే ఇన్నేండ్లు ఎందుకు దాస్త?" అన్నాడు. ఆయన పేరు కడగాలంటే అబ్బా పరువు వీధిలో పెట్టాలి. ఆయన దానికి ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోతే బుధవారం బస్సు ఆయన లేకుండా పోతుంది.

సాయంత్రం అబ్బాకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. కొడితే బాగుండు అనిపించింది. ఆ ఆకుపచ్చ చొక్కా అడిగి తీసుకుని, చంకలో ఆ ముక్కను వేలితో తడిమి తడిమి చూశాడు. "గీతకు గీత ఎట్ల కలిపిండో చూడు" అన్నాడు. తర్వాత ఒంటి మీద ఉన్న చొక్కా విప్పి దాన్నే వేసుకున్నాడు, కుట్లు విప్పిన చంకలతోనే. "చెప్పులేసుకో" అన్నాడు నాతో.

ఆ ఏడు ఇళ్లకూ పోయాం. ప్రతి గడప ముందూ మా అబ్బా, జీవితంలో ఎవరి ముందూ తల దించని గుమస్తా, చెయ్యి పైకెత్తి చంక చూపించాడు. "నాకు పిల్లల ఎత్తు ఎరుక లేకపాయె. ఆయనకు ఎరుకుండె. ఈ ముక్క ఆయన కొన్నది. ఆయన దొంగ కాదు. నా బిడ్డ తప్పు మాట చెప్పింది." నేను పక్కన నిలబడి "అవును, నేనే చెప్పిన, అబద్ధం" అనాలి. ఏడుసార్లు అన్నాను. శనివారం రెండు నిమిషాల్లో సమోసాతో పాటు లోపలికి పోయిన మాట, బయటికి రావడానికి రెండు గంటలు పట్టింది. ఒకావిడ నమ్మలేదు, "ఈ చొక్కా ముఫ్త్‌ల, పైసల్లేకుండ కుట్టిచ్చిండా మీకు?" అంది. ఇంకొకావిడ నమ్మింది గానీ వేరే బాధ పెట్టుకుంది, "మీకే ఎందుకు అతుకేసిండు? మేము పరాయోళ్లమా? మాకు ఎన్నడన్న ఏసిండా?" అని. ఆఖరిది ఫుప్పూ ఇల్లు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చంక ముక్కను దగ్గరగా చూసి, కుట్టును గోటితో గీకి, "పనితనం మంచిగుంది" అని నిట్టూర్చి, "సరే, మాఫ్" అంది. ఆమె నమ్మిందో లేదో అల్లాకే తెలియాలి.

బుధవారం పొద్దున బస్సు ఎక్కేముందు దర్జీ మామ దగ్గరికి ఏడిళ్లవాళ్లూ వచ్చి "మాక్కూడా దువా చెయ్యి" అన్నారు. ఆయన అబ్బా చొక్కా చూశాడు. అబ్బా కావాలనే అదే వేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిలబడ్డారు. దాదీ మాత్రం బస్సు పక్క నుంచి తొంగిచూస్తూ "ఈ డ్రైవరు నాకు సక్కగ కనిపిస్తలేడు" అంది. ఆ తర్వాత రంజానుకు అబ్బా తొమ్మిదిన్నర మీటర్లు తెచ్చాడు.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను, పెళ్లయి వచ్చాను, బడిలో పాఠాలు చెబుతున్నాను. దర్జీ మామ కాలం చేసి రెండేళ్లయింది. ఇరవై ఏళ్ల ఆ పిల్ల, సుద్దముక్క పట్టుకుని గచ్చు మీద ఒక మంచి మనిషిని లెక్కలేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. మొన్న ఆదివారం పక్కింటికి కొత్తగా కిరాయికి దిగినావిడ చాయ్‌కి వచ్చింది. మాటల్లో బట్టలు కుట్టేవాళ్ల సంగతి వచ్చింది. "దర్జీలను నమ్మొద్దక్కా. మా చుట్టాలామె చెప్పింది, హుజూర్‌నగర్ దిక్కు ఒక ముసలాయన ఉండెనంట. జిందగీ మొత్తం బట్ట కొట్టేసి, ఉమ్రాకు పోయేముందు ఇంటింటికి పోయి ఏడ్సిండంట. ఒక ఇంటి పిల్ల కనిపెట్టిందంట, చానా తెలివిగలదంట ఆ పిల్ల" అంది.

నా చేతిలో గ్లాసు కాలుతున్నా కింద పెట్టలేకపోయాను. "ఆ పిల్లను నేనే" అన్నాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నేను మొత్తం చెప్పాను, ఎనిమిది మీటర్లు, ముప్పావు, మెత్త, చంక ముక్క, అబ్బా చెయ్యెత్తడం, అన్నీ. ఆమె శ్రద్ధగా విన్నది. విని, నా వైపు జాలిగా వంగి, గొంతు తగ్గించి అడిగింది:

"అయితే మరి, నిజంగ ఏం తీసుకోలేదంటవా అక్కా?"

లేచి మళ్లీ చాయ్ పెట్టాను. ఇది ఎనిమిదో ఇల్లు. కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.